ఆ చాక్ రాతలు తుడిచింది నేను

నిన్న తెల్లవారుజామున ఫజర్ నమాజు చదివి లేచేసరికి ఫోన్‌లో ఆరు మిస్డ్ కాల్స్.

రమణ పోయాడు. లేబర్ క్యాంప్ రూమ్‌లో, నిద్రలోనే. హార్ట్ అటాక్ అన్నారు. నలభై నాలుగేళ్ళు.

తస్బీ పూసలు చేతిలో అలాగే ఉండిపోయాయి. మొన్న సాయంత్రం బస్సు దగ్గర, "కాళ్ళు లాగుతాండాయక్కా, రేపు రెండు గ్లాసులు టీ పెట్టు" అన్నాడు కదా.

తెలియని వాళ్ళకు చెబుతున్నాను. ఇక్కడ గల్ఫ్‌లో, అమ్ఘరా అనే షెడ్ల పేటలో, నాదీ రమణదీ ఒకటే వర్క్‌షాప్. నేను ఆఫీసు ఊడ్చి, టీ ఇచ్చే మనిషిని. రమణ స్పిండిల్ మెకానిక్. ఇనుము కోసే పెద్ద మెషిన్లలో గిర్రున తిరిగే ఇరుసు ఉంటుందే, అది బాగుచేసేవాడు. మాది రాయచోటి, వాళ్ళది పక్క పల్లె. నన్ను ఖైరూనక్కా అని పిలిచేవాడు.

నేను ఏడుస్తూ రాయడం లేదు. కోపంతో రాస్తున్నాను.

నిన్న మధ్యాహ్నం మా సూపర్‌వైజర్ వర్క్‌షాప్ గ్రూపులో రమణ ఫోటో పెట్టాడు. దండ, దీపం అన్నీ పెట్టి, కింద ఈ మాట: "మంచి మనిషి. పనిలో ఒక పెద్ద తప్పు చేసినా అందరం మర్చిపోయాం."

ఏ తప్పు సార్?

ఒకసారి ఒక మెషిన్ వణుకుతోందని, స్పిండిల్ మొత్తం మార్చాలని అందరూ తేల్చేశారు. రమణ లోపలి గ్రీజు వేలితో తీసి నాకు చూపించాడు. తెల్లగా, పాలు కలిసినట్టు ఉంది. "చూడక్కా, నీ టీలో పాలెక్కువైనట్టు లేదా? నీళ్ళు దూరినాయి. సీల్ పోయిండాది, అంతే." సీల్, బేరింగులు మార్చాడు. ఆ మెషిన్ ఇప్పటికీ తిరుగుతోంది.

మధ్యాహ్నం జుహర్ నమాజు వేళ నేను స్టోర్ మూల చాప పరిస్తే, ఎవరూ చెప్పకుండానే వెళ్ళి హోరుమనే కంప్రెసర్ ఆపేవాడు. పది నిమిషాలు. ఎవరైనా అరిస్తే, "నేను స్పిండిల్ సౌండ్ వినాల, మీరు గమ్మునుండండి" అనేవాడు. అప్పుడు ఏ స్పిండిలూ తిరుగుతూ ఉండేది కాదు.

ఇప్పుడు ఆ తప్పు సంగతి.

కొత్త బేరింగులు వేసిన స్పిండిల్‌ను ఒక్కసారిగా ఫుల్ స్పీడ్‌లో తిప్పకూడదట. మెల్లగా మొదలుపెట్టి, కొంచెం కొంచెం పెంచుతూ, ప్రతిసారీ వేడి చూసుకోవాలట. లోపల గ్రీజు సర్దుకోవాలి. "పచ్చి బాలింతను చేను పనికి తోల్తామా అక్కా?" అనేవాడు.

టైమ్, స్పీడ్, వేడి, ఈ మూడూ మెషిన్ తలుపు మీదే చాక్‌తో రాసేవాడు. కాగితమైతే నూనెకు పాడవుతుందని.

రెండేళ్ళ కిందట ఒక రోజు. ఒక కస్టమర్ మెషిన్ తలుపు మీద ఆరు వరసలు రాసి ఉన్నాయి. కింద పెద్ద ఇంటూ గుర్తు. వేడెక్కింది, చల్లారేదాకా ముట్టొద్దని దానర్థం. నాకు అప్పుడు తెలియదు. సూపర్‌వైజర్‌కు తెలుసు.

రమణను గ్రీజు తెమ్మని దజీజ్ బజారుకు పంపింది ఆయనే. ఇంతలో కస్టమర్ బయల్దేరానని ఫోన్ చేశాడు. సూపర్‌వైజర్ నన్ను కేకేశాడు.

"యల్లా ఖైరూన్, తొందరగా ఆ గీతలు తుడిచెయ్. పిల్లోళ్ళ పలక మాదిరి ఏందది? చూస్తే పరువు పోతాది."

తుడిచాను. తడిగుడ్డతో, మెరిసేలా.

కస్టమర్ వచ్చాక, ఆయన ముందు సూపర్‌వైజర్ ఫుల్ స్పీడ్ పెట్టాడు. కస్టమర్ తల ఊపి మెచ్చుకున్నాడు. కాసేపటికి చెవులు చిల్లులు పడేలా ఒక కీచు శబ్దం. పొగ. స్పిండిల్ బిగుసుకుపోయింది.

మేనేజర్ పరుగెత్తుకొచ్చాడు. "ఎవరు తిప్పమన్నారు?"

"రమణే సార్. పనంతా ఖలాస్, తిప్పుకోండని చెప్పి పోయినాడు" అన్నాడు సూపర్‌వైజర్.

సరిగ్గా అప్పుడే రమణ గ్రీజు డబ్బాతో వచ్చాడు. "నేనట్ల చెప్పలేదు సార్. తలుపు మీద రాసిపెట్టినా, చూడండి..." అని చెయ్యి చూపించబోయాడు.

తలుపు అద్దంలా ఉంది.

నా చేతిలో గుడ్డ చూశాడు. దానికి తెల్లగా సుద్ద అంటుకుని ఉంది. తర్వాత నా ముఖం చూశాడు.

"రాయడం మర్చిపోయినా సార్" అన్నాడు.

టీ గదిలో నేను ఏడిస్తే, నన్నే కోప్పడ్డాడు. "గమ్మునుండక్కా. ఈ నెల్లోనే గదా నీ ఇఖామా రెన్యువల్? ఆయప్పతో పెట్టుకుంటే యాడికి పోతావ్? నాకేం, చేతిలో పని ఉండాది." ఇఖామా అంటే ఇక్కడ ఉండడానికిచ్చే అనుమతి.

ఆ చేతులను మళ్ళీ స్పిండిల్ ముట్టనివ్వలేదు. రెండేళ్ళు ఎండలో ఇనుము మోయించారు. వేరే షాపుకు పోదామని అడిగితే, "స్పిండిల్ కాల్చినోడివి నువ్వేనా?" అన్నారట. అమ్ఘరా అంతా ఆయనకు అదే పేరు.

నేను అయిదు పూటలా నమాజు చదివే మనిషిని. మెత్తని మనిషినని అందరూ అంటారు. ఆ మెత్తదనం చాటున రెండేళ్ళు నిజం దాచుకున్నాను. దానికి నేను పైన జవాబు చెప్పుకుంటాను. సూపర్‌వైజర్ గారూ, మీరు ఇక్కడే చెప్పండి.

అల్లా సాక్షిగా రాస్తున్నాను. రమణ స్పిండిల్ కాల్చలేదు. కాల్చింది మీరు. తుడిపించింది మీరు. తుడిచింది నేను.

ఈ పోస్ట్ వర్క్‌షాప్ గ్రూపులో కూడా పెడుతున్నాను. రేపు పొద్దున టీ ట్రేతో మేనేజర్ గదిలోకి వెళ్ళి నోటితోనూ చెబుతాను. నా ఇఖామా ఏమైనా కానీ. ఊళ్ళో రమణ భార్య శవపెట్టె కోసం ఎదురుచూస్తోంది. ఆ పెట్టెతో పాటు ఈ మచ్చ కూడా ఊరు చేరకూడదు.

పోయి రా తమ్ముడా. నువ్వు కంప్రెసర్ ఆపి నాకిచ్చిన ఆ పది నిమిషాల ప్రశాంతత, నీకు దేవుడు ఎప్పటికీ ఇవ్వాలి.