తిన్నని గీత కోసం వారెన్ కొన్న మానిటర్లు

మా కొట్లో కొన్న వస్తువు నచ్చకపోతే పదిహేను రోజుల్లోపు వెనక్కి ఇచ్చేయవచ్చు. ఆ నియమం పెట్టిన మహానుభావుడెవరో గానీ, వెనక్కి తెచ్చేవాళ్ళ ముందు రోజుకు ఎనిమిది గంటలు నిలబడేది మాత్రం నేను. డులూత్ ఊళ్ళో, కొండ మీద మాల్ పక్కన, తలుపు తీయగానే కుడివైపు బల్ల నాది. పదకొండేళ్ళయింది. శనివారం కొత్త టీవీ కొని, ఆదివారం ఫుట్‌బాల్ చూసి, సోమవారం పొద్దున్నే "రంగులు బాగాలేవండీ" అంటూ మోసుకొచ్చే జనాన్ని చూసి చూసి, మనుషుల మీద నాకు పెద్ద ప్రేమేమీ మిగల్లేదు. అది దాచుకోను కూడా.

అందుకే వారెన్ లాంపెలా మొదటిసారి మానిటర్ వెనక్కి తెచ్చినప్పుడు, ఇతనూ ఆ బాపతే అనుకున్నాను.

నవంబరు నెల. చలికి తెర పాడవుతుందని డబ్బాని దుప్పట్లో చుట్టి తెచ్చాడు. యాభై రెండేళ్ళ మనిషి, భారీ చేతులు, గడ్డం మీద మంచు.

"దీనికేం వచ్చిందయ్యా?" అన్నాను.

"వంకర, మార్లిస్." నా చొక్కా మీద పేరు చదివి పిలిచాడు.

"వంపు మానిటర్ కొంటే వంకరగా కాక ఎలా ఉంటుంది? డబ్బా మీద బొమ్మ కూడా వేశారు కదా!"

"ఆటకి బావుంటుందని కొన్నా. నా గీతలన్నీ మధ్యలో ఉబ్బుతున్నాయి. గీతలు ఉబ్బితే నాకు కూడు లేదు తల్లీ."

ఆ మాట తమాషాకి అనలేదు. పంతొమ్మిదో ఏట రేకుల పనిలో చేరాడట. పెద్ద పెద్ద భవనాల్లో వేడిగాలి పోవడానికి రేకు గొట్టాలు చేసే పని. ఇరవై ఎనిమిదేళ్ళు చేశాక భుజం పోయింది. యజమాని మంచివాడు కనుక తీసేయకుండా, ఇంట్లో కూర్చుని కంప్యూటర్‌లో ఆ గొట్టాల నమూనాలు గీసే పని ఇచ్చాడు. భార్య అంతకు ముందే వెళ్ళిపోయింది. ఇక మిగిలింది ఆదివారం మధ్యాహ్నం ఆట. ఒకప్పుడు తనతోపాటు రేకులు వంచిన ముగ్గురు స్నేహితులు తలో ఊళ్ళో ఉన్నారు. నలుగురూ ఒక జట్టుగా కంప్యూటర్‌లో యుద్ధం ఆట ఆడతారు. వారమంతా అతను మనిషి గొంతు వినేది అప్పుడే.

కాబట్టి ఒకే మానిటర్ రెండింటికీ కావాలి. గీతలకి తేటగా ఉండాలి, ఆటకి వేగంగా ఉండాలి. రెండు వందల డాలర్లకి మించి ఒక్క డాలరు పెట్టలేడు. ఆ ధరలో వేగంగా ఉన్నది తేటగా ఉండదు, తేటగా ఉన్నది వేగంగా ఉండదు. అది అమ్మకాల కుర్రాళ్ళు చెప్పరు, నేను చెప్పాను. అయినా ఆ రోజు నాకు ఏం బుద్ధి పుట్టిందో, బల్ల వదిలి వెళ్ళి గంటసేపు వెతికి, చదునుగా ఉండి ఒక మాదిరిగా రెండు పనులూ చేసేదాన్ని తీసిచ్చాను.

"ఇదీ నచ్చకపోతే నీకు మానిటర్ కాదు, పెళ్ళికూతుర్ని వెతకాలి" అన్నాను.

"ఆ పని ఒకసారి చేశాగా. అదీ వాపసు పోయింది" అని పకపకా నవ్వాడు.

పన్నెండో రోజున దుప్పటి మళ్ళీ వచ్చింది.

"గీత వంకరే. ఇంకో సంగతి, ఆటలో ఎదుటివాడి మీద గురి పెట్టగానే వాడు మసకైపోతున్నాడు. పక్కనున్న చెట్లు కనిపిస్తాయి, గోడ కనిపిస్తుంది, వాడే కనపడడు. వేగం చాలట్లేదు దీనికి. మావాళ్ళు నన్ను 'తాతా, కళ్ళజోడు పెట్టుకో' అని ఏడిపిస్తున్నారు."

"కళ్ళు చూపించుకున్నావా మరి?"

"నా కళ్ళకేం? గద్ద కళ్ళు!"

మూడోది ఇచ్చాను, వేరే కంపెనీది. అదీ వచ్చింది, క్రిస్మస్‌కి వారం ముందు. బల్ల ముందు ఇరవైమంది వరుస కట్టి ఉన్నారు. దుప్పటి చూడగానే నాకు ఒళ్ళు మండిపోయింది.

"ఏం వారెన్, మా కొట్టేమైనా నీకు గ్రంథాలయంలా కనిపిస్తోందా? తీసుకెళ్ళడం, తెచ్చిపెట్టడం!"

ఈసారి అతను నవ్వలేదు. బల్ల మీదికి వంగి, వెనకవాళ్ళకి వినబడకుండా చెప్పాడు. అతను గీసిన నమూనా ప్రకారం ఒక బడికి చేసిన గొట్టాలు ఒకదానికొకటి అతకలేదట. లారీడు రేకు తుక్కులోకి పోయింది. అలా జరగడం అది రెండోసారి. యజమాని ఫోన్ చేసి, అరవకుండా, "ఏమైంది వారెన్?" అని అడిగాడట.

"మానిటర్ బాలేదని చెప్పా. కొత్తది తెచ్చుకుంటా, రెండు వారాలు సెలవివ్వమన్నా. ఇచ్చాడు. ఇంకోసారి తప్పు జరిగితే ఆ పని వేరేవాళ్ళకి ఇస్తాడు. నన్ను తీసేయాల్సొస్తుందని ఆయనే బాధపడ్డాడు. చూడు మార్లిస్, నాకు తిన్నగా గీత చూపించే మానిటర్ ఒక్కటి కావాలి. అంతే."

"ఉండు" అన్నాను. వరుసలో వాళ్ళు గొణుక్కున్నా లెక్కచేయలేదు. అతను తెచ్చిన మానిటర్‌ని పరీక్ష బల్ల మీద పెట్టి వెలిగించాను. తెల్లని తెర మీద ఈ చివరనుంచి ఆ చివరకి ఒక నల్లగీత గీశాను.

"ఎక్కడయ్యా వంకర?"

"ఇదిగో, ఇక్కడ. నడిమధ్యన. నీకు కనపడట్లేదా?"

డబ్బాలు కొలిచే ఉక్కు స్కేలు తెచ్చి గీతకి ఆనించి పట్టుకున్నాను. ఈ మనిషి నోరు ఇవాళ్టితో మూయించాలి అన్నదే నా మనసులో ఉంది.

"చూడు. వెంట్రుక దూరే సందు ఉందేమో చెప్పు!"

వారెన్ వంగి చూశాడు. చూసి, హమ్మయ్య అన్నట్టు నవ్వాడు. "నీ స్కేలు కూడా వంకరే తల్లీ! మంచిది ఒకటి కొనుక్కోండి, ఇంత పెద్ద కొట్టు పెట్టుకుని."

"ఉక్కు స్కేలయ్యా అది! వంకర ఎలా పోతుంది?"

నా చేతిలోంచి దాన్ని తీసుకున్నాడు. బొటనవేలు అంచు మీద పెట్టి మెల్లగా జరిపాడు. రేకు అంచున కాగితమంత ఎత్తుపల్లం ఉన్నా పట్టుకునే వేలు అది. చివరిదాకా వెళ్ళింది, వెనక్కి వచ్చింది. స్కేలు వంక చూశాడు. కళ్ళు మూసుకుని మళ్ళీ జరిపాడు. కళ్ళు తెరిచి మళ్ళీ చూశాడు. నాకు అప్పుడు అర్థమైంది. ఎందుకు చేశానురా దేవుడా ఈ పని అనిపించింది.

"తిన్నగానే ఉంది" అన్నాడు చివరికి.

వరుసలో ఎవరో "ఇంకెంతసేపు?" అని అరిచారు. "నా ఇష్టమొచ్చినంతసేపు!" అని నేను ఇంకా గట్టిగా అరిచాను.

"వారెన్, కంటి డాక్టరు దగ్గరికి వెళ్ళు. రేపే వెళ్ళు."

"వెళ్తాలే." స్కేలుని నా చేతిలో పెట్టాడు. "ఒక పని చెయ్యి. రసీదు మీద మానిటర్‌లో లోపం అని రాయి. మా యజమానికి చూపించాలి."

రాశాను. ఏ లోపమూ లేని మానిటర్ మీద లోపమని నా చేత్తో రాసి సంతకం పెట్టాను. తప్పే. మళ్ళీ అడిగినా మళ్ళీ రాస్తాను.

రసీదు జేబులో పెట్టుకుని తలుపు వైపు వెళ్తాడనుకున్నాను. లోపలికి వెళ్ళి ఇంకో డబ్బా మోసుకొచ్చాడు.

"ఇదీ చదునుదే" అన్నాను.

"తెలుసు."

"మరి ఎందుకయ్యా?"

"కొత్తది తెచ్చుకుంటానని చెప్పాగా. తెచ్చుకోవద్దూ?"

బిల్లు వేసి ఇచ్చాను. అతను దుప్పటి కప్పుకుని డబ్బాతో వెళ్ళిపోయాడు. తర్వాతి మనిషి రంగులు బాగాలేవని మొదలుపెట్టింది. ఆమె ఏం చెప్పిందో ఒక్క ముక్క నా చెవికెక్కలేదు.

కొత్త సంవత్సరం వచ్చింది. చెప్పడానికి సిగ్గుగా ఉంది గానీ, ఆ మనిషి కోసం ఎదురుచూశాను. ఈ ఒక్క మానిటర్ వెనక్కి రాకపోతే బావుండునని కోరుకున్నాను. రాకపోతే అతనికి ఏదో కుదిరినట్టే అని నాకు నేను చెప్పుకున్నాను. ఎలా కుదురుతుందో మాత్రం ఆలోచించలేదు.

జనవరి రెండున వచ్చాడు. డబ్బా బల్ల మీద పెట్టాడు. మూత మీద అంటించిన టేపు కూడా ఊడలేదు.

"తెరవనే లేదేంటి?"

"లేదు."

"డాక్టరు దగ్గరికి వెళ్ళావా?"

"ఆ. రెండు కళ్ళూ అట. సూటిగా చూసేచోట చూపు పోతుంది, పక్క చూపు ఉంటుంది. ఇలా వచ్చినదానికి మందు లేదన్నాడు. చాలా మర్యాదగా చెప్పాడు పాపం." గడ్డం గోక్కున్నాడు. "ఆటలో మావాళ్ళకి చెప్పేశా, నా చోటు ఇంకెవరికైనా ఇమ్మని. ఒకడు ఏడ్చాడు, గాడిద కొడుకు. రేపు పొద్దున వెళ్ళి యజమానికీ చెప్పాలి."

నోటికొచ్చింది అడిగేశాను. "సంగతి తెలిశాక కూడా, ఇన్నాళ్ళు ఇది ఇంట్లో ఎందుకు పెట్టుకున్నావు?"

డబ్బా మీద చెయ్యి వేసి, కాస్త పక్కకి తిరిగి నా ముఖం చూశాడు.

"డాక్టరు పొరపాటు పడ్డాడేమో అనుకోడానికి ఇంట్లో ఏదో ఒకటి ఉండాలి కదా, మార్లిస్. తెరిస్తే అదీ ఉండదు. ఇవాళ పదిహేనో రోజు, తీసేసుకో."