మాస్టారి వెబ్‌సైటుకు ఆదివారపు మెరుగులు

ఒంటరితనానికి ఆ రోజుల్లో నేను పెట్టుకున్న ముద్దుపేరు ‘బిజీ’. బందరు అవతల సముద్రపుటొడ్డున ఉన్న మా ఊరి నుంచి అమ్మ ఫోన్ చేసి (మా అమ్మ ఫోన్లో కూడా నడిసముద్రంలో ఉన్న పడవవాళ్ళను కేకేసినట్టే మాట్లాడుతుంది) ఈ ఆదివారమన్నా వస్తున్నావా లేదా అని అడిగితే, ఎక్కడమ్మా, ఊపిరి సలపడం లేదు, ఫ్రెండ్సంతా కలిసి బయటికెళ్తున్నాం అనేదాన్ని. ఆ ఫ్రెండ్సు ఎవరో నాకూ తెలియదు. గవర్నర్‌పేటలో మా లేడీస్ హాస్టల్ శనివారం సాయంత్రానికల్లా ఖాళీ అయిపోయేది. కంకిపాడు పిల్ల కంకిపాడు, ఉయ్యూరు పిల్ల ఉయ్యూరు వెళ్ళిపోతే నేనూ వంటావిడా మిగిలేవాళ్ళం. ఆవిడ సీరియల్ పెట్టుకుంటే పక్కన పిడుగు పడ్డా పలికేది కాదు. మరి నువ్వూ ఇంటికి పోవచ్చు కదా అంటారేమో. పోవచ్చు, పెద్ద దూరమేమీ కాదు. కానీ మా చుట్టాల్లో వేటకు పోకుండా, చేపలమ్మకుండా కంప్యూటర్ ముందు కూర్చున్న మొదటి మనిషిని నేను. ఊరు వదిలేటప్పుడు కోసిన కోతలు అలాంటివి. వారం వారం సంచి పట్టుకుని దిగబడితే, పాపం, అక్కడ దీనికెవరూ లేరు అనుకుంటారని భయం. ఉన్నమాటే అయినా వాళ్ళ నోట వినడం నాకిష్టం లేదు.

నా కొలువు ఒక హోల్‌సేల్ స్టేషనరీ కొట్టు పైన, రెండు గదుల ఆఫీసులో. అందులో సారు, సారుగారి సెల్‌ఫోను, నేను. సారు పొద్దున్నే స్కూటరేసుకుని కొట్టు కొట్టుకూ తిరిగి, వెబ్‌సైట్ లేని వ్యాపారం బొట్టులేని ముఖమని భయపెట్టి ఎవరో ఒకరిని ఒప్పించి వచ్చేవారు. మిగతాది నా పని. మిఠాయికొట్టుకైనా, బోర్లు వేసేవాళ్ళకైనా, పళ్ళ డాక్టరుకైనా మా దగ్గర ఒకటే నమూనా. పేరుండేచోట పేరు, ఫొటో ఉండేచోట ఫొటో నింపడం వరకూ నాకు వచ్చు. తీసేయడం రాదు. కోర్సులో ఆ పాఠం రోజున నాకు జ్వరం. ఒక్క గడి తీసేసినా పేజీ మొత్తం చీర కుచ్చిళ్ళు జారినట్టు కిందికి జారిపోయేది. అందుకని ఏ కస్టమరొచ్చినా వాళ్ళ వ్యాపారాన్నే మా గడులకు సరిపోయేట్టు సర్దేదాన్ని. దీనికి నేను ‘డిజైనింగ్’ అని పేరు పెట్టుకున్నాను.

అలాంటి రోజుల్లో సారు నాకు హార్మోనియం మాస్టారిని అప్పగించారు. భవానీపురంలో రోడ్డు మీదికి ఉన్న ఒక గదిలో ఆయన కొట్టు, వెనక గదిలో కాపురం. కాపురమంటే ఆయనొక్కడే. యాభై దాటాయి, పెళ్ళి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదని అడిగితే, ఆ సంవత్సరం పని ఎక్కువగా ఉందమ్మా అన్నారు. చర్చిల హార్మోనియాలూ, భజన మండలి హార్మోనియాలూ పక్కపక్కనే పెట్టుకుని ఒకే శ్రద్ధతో బాగుచేసేవారు. కానీ అన్నిచోట్లా కీబోర్డులు వచ్చాక ఆయన గుమ్మం తొక్కేవాళ్ళు తగ్గిపోయారు. ఆమధ్యనే డెల్టాలో ఊళ్ళ చర్చిలు చూసుకునే ఒక మిషన్ వాళ్ళు, తమ హార్మోనియాలూ కీబోర్డులూ ఏడాదంతా చూసుకునే పని ఎవరికైనా అప్పగించాలనుకుంటున్నారనీ, ముందు మీ వెబ్‌సైట్ చూస్తామన్నారనీ కబురు. ఆ పని వస్తే కొట్టు ఉంటుంది. రాకపోతే తాళం వేసి కంకిపాడులో చెల్లెలి దగ్గరికి వెళ్ళిపోవాలి. బావగారికి అక్కడ ఎరువుల కొట్టుంది, వచ్చి కూర్చోమంటున్నారు. “మంచివాళ్ళేనమ్మా, ప్రేమగానే పిలుస్తున్నారు. ఆ ఎరువుల వాసనే నాకు పడదు,” అన్నారు మాస్టారు. అంతకుమించి తన కష్టం గురించి ఆయన ఎప్పుడూ చెప్పుకోలేదు.

పెద్ద సంస్థలాగా కనపడాలి, లేకపోతే ఒంటరివాడని పక్కన పెడతారు, అని సారు ఆజ్ఞాపించి తన దారిన తాను వెళ్ళారు. మా నమూనాలో ‘మా బృందం’ అని ఒక పేజీ ఉంది. అందులో మనుషుల ముఖాలకు గుండ్రటి గడులు. తీసేయడం రాదన్న సంగతి మాస్టారికి చెప్పడానికి నామోషీ వేసి, ఈ రోజుల్లో బృందం లేకపోతే ఎవరూ నమ్మరండీ అన్నాను. ఆయన చాలాసేపు ఆ ఖాళీ గుండ్రాల వంక చూసి, “మనుషులు కావాలంతేనా? మనవాళ్ళు ఎవరైనా పర్వాలేదా?” అన్నారు. పర్వాలేదన్నాను. అక్కడ మొదలైంది.

మన దగ్గర ఫ్లెక్సీల సంగతి మీకు తెలియంది కాదు. సెంటర్లో ఎవరి పుట్టినరోజు ఫ్లెక్సీ చూసినా, పైన పెద్ద తలకాయ, కింద వరసగా గుండ్రాల్లో చిన్న తలకాయలు. ఆ గుండ్రంలో చోటు కోసం స్నేహాలు చెడతాయి, పక్క గుండ్రం కొంచెం పెద్దదైతే మాటలుండవు. మాస్టారి వెబ్‌సైట్లో గుండ్రాలు ఖాళీగా ఉన్నాయనగానే వీధి వీధంతా దాన్ని ఫ్లెక్సీగానే అర్థం చేసుకుంది. ఎదురుగా టీ కొట్టు బాబాయి నల్లకళ్ళద్దాలు పెట్టుకుని, చెవి దగ్గర సెల్‌ఫోను ఆనించుకుని (అటువైపు ఎవరూ లేరు) దిగిన ఫొటో పంపి, కింద ‘గౌరవ సలహాదారు’ అని వేయమన్నాడు. హార్మోనియాలు మోసుకెళ్ళే ఆటో అన్న తన ఫొటో ఆటోతో సహా రావాలని పట్టుబట్టాడు. ఆటో గుండ్రంలో పట్టక ఒక అద్దమూ అన్న సగం ముఖమూ వచ్చాయి. దానికి ‘రవాణా విభాగం’ అని పేరు పెట్టాం. మేడమీద ఉండే ఇంటి ఓనరు మామ్మగారు చేతులు జోడించి నమస్కారం పెడుతున్న ఫొటో ఇచ్చి, ఈ బిల్డింగే నాదైనప్పుడు నన్ను కింద వరసలో వేస్తావా అని నిలదీస్తే, ఆవిణ్ణి పైకెక్కించి గౌరవాధ్యక్షురాల్ని చేశాను. దాంతో సలహాదారు రెండు రోజులు నాకు టీ పంపలేదు. మిగిలిన గుండ్రాలకు మనుషులు దొరక్క ఒకదాంట్లో హార్మోనియం, ఇంకోదాంట్లో కీబోర్డు పెట్టాను. ఆ గుండ్రంలో నువ్వు కూర్చోకూడదామ్మా అని మాస్టారు అడిగారు కానీ, నేను ప్రొఫెషనల్నండీ, కస్టమర్ల సైట్లలో అలా కనపడకూడదు అన్నాను. ఆ ముక్క ఎక్కడ నేర్చుకున్నానో దేవుడికెరుక.

సైట్ పెట్టిన కొద్ది రోజులకే మిషన్ ఆఫీసు నుంచి ఫోనొచ్చింది. మీ బృందం చూశాం, శనివారం మా మేడంగారు వచ్చి అందరినీ కలుస్తారు అని. సారుకు ఫోన్ చేస్తే, నేను తిరపతిలో క్యూలో ఉన్నాను, నువ్వే చూసుకో అన్నారు. మాస్టారు మాత్రం నిమ్మళంగానే ఉన్నారు. “ఫొటోలు పెట్టడం అబద్ధం కాదుగదమ్మా, వాళ్ళు నిజంగానే ఉన్నారు. అడిగితే మాత్రం ఉన్నమాటే చెప్తా,” అన్నారు. శనివారం దాకా నేను అన్నం సరిగా తినలేదు. కంకిపాడు ఎరువుల బస్తాల మధ్య కూర్చున్న మాస్టారే కళ్ళముందు కనపడేవారు. కారణం నేను నేర్చుకోని ఒక్క పాఠం.

శనివారం నేను వెళ్ళేసరికి బృందమంతా కొట్టు ముందు పెళ్ళికి తరలివచ్చినట్టు నిలబడి ఉంది. బంద్ రోజున కూడా సగం షట్టరు తెరిచే బాబాయి ఆ రోజు ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు, పొయ్యే వెలిగించలేదు. అన్న ఆటో కడిగాడు. మామ్మగారు మోకాళ్ళ నొప్పులతో మేడ దిగి కుర్చీలో కూర్చుంది. మేడంగారు వచ్చారు. నెరిసిన జుట్టు, నేత చీర, చేతిలో నీళ్ళ సీసా. మాస్టారు “వందనాలండి,” అన్నారు. ఆవిడ అందరి వంకా చూసి, కూర్చుని, మొహమాటంగా అసలు సంగతి చెప్పారు.

“మీరేమీ అనుకోవద్దండీ. మీది ఇంత పెద్ద సంస్థ అని చూశాకే మాకు అనుమానం వచ్చింది. పెద్దవాళ్ళతో మాకిదే తంటా. ఓసారి ఒకణ్ణి పంపుతారు, ఇంకోసారి ఇంకొకణ్ణి, ఎవరికీ మా హార్మోనియం పెట్టె సంగతి తెలీదు. మాకు ఒక్క మనిషి చాలు. ఏ ఊరికైనా ఆయనే రావాలి, ఆయనే చెయ్యి పెట్టాలి. మీదగ్గర అట్టా కుదరదేమో.”

నాకు ఒక్కసారిగా ఊపిరొచ్చింది. సారు పెద్ద సంస్థలాగా ఉండాలన్నారు, వీళ్ళకు కావలసింది ఒంటరి మనిషి. నేను ఒక్కణ్ణే అండీ, నాకెవరూ లేరు అని మాస్టారు ఒక్కమాట అంటే చాలు, కొట్టు నిలుస్తుంది. అనండి అనండి అని కళ్ళతో సైగ చేశాను. మాస్టారు నా వంక చూడలేదు. పొయ్యి వెలిగించకుండా వచ్చిన బాబాయిని చూశారు, కడిగిన ఆటోను చూశారు, మోకాలు పట్టుకుని కూర్చున్న మామ్మగారిని చూశారు. ఆ ఒక్కమాట వాళ్ళ ముందు అనడం ఎంత కష్టమో అప్పుడు నాకు తట్టనేలేదు.

“పనికి నేనొక్కణ్ణేనండీ,” అన్నారు చివరికి. “మిగతా అన్నిటికీ వీళ్ళు.”

మిగతా అంటే ఏమిటని మేడంగారు అడిగారు. అంతే, బృందం నోరు తెరిచింది. హార్మోనియం తిత్తి చిరిగితే ఆదివారం ఆరాధన ఆగకూడదని తెల్లారగట్ల అవనిగడ్డ దాకా తీసుకెళ్ళానని అన్న చెప్పాడు. పనిలో పడితే ఈయనకు తిండి గుర్తుండదండీ, నేనే బన్ను రొట్టె నోట్లో కుక్కుతానని సలహాదారు చెప్పాడు. చివర్న గౌరవాధ్యక్షురాలు గొంతు సవరించుకుంది. “చీకటి పడ్డాక వాయిస్తే నేను పైనుంచి కర్రతో నేలమీద కొడతానండీ, ఆపుతాడు. ఒకరోజు కొట్టే పనే లేకపోయింది. చప్పుడే లేదు. ఏందబ్బా అని దిగి చూస్తే ఒళ్ళు కాలిపోతంది. ఆ పూట నుంచీ చప్పుడు లేకపోయినా కొడతన్నా. తిరిగి హార్మోనియం మీద ఒక మెట్టు నొక్కితే ఉన్నాడని గుర్తు.” మేడంగారు నవ్వారు. నేనూ నవ్వబోయాను కానీ ఏడుపొచ్చింది. మా హాస్టల్ గదిలో నాకు జ్వరమొస్తే చప్పుడు లేదేమిటని చూసేవాళ్ళు లేరన్న మాట ఆ క్షణాన నాకు నేరుగా, అడ్డేమీ లేకుండా తెలిసింది. ఇంతలో మేడంగారు నా వైపు తిరిగి ఈ అమ్మాయి ఎవరని అడిగారు. మాస్టారు ఏదో చెప్పబోయేలోపే, నేను వెబ్‌సైట్ తాలూకు అండీ అనేశాను.

పని మాస్టారికే వచ్చింది. కంకిపాడు చెల్లెలికి కబురు వెళ్ళింది, కొట్టు నిలిచింది, మా సారు తిరపతి లడ్డూ పంచుతూ ఇదంతా తన వ్యూహమేనన్నారు. నా పని అక్కడితో అయిపోవాలి. కానీ ఆ తర్వాతి ఆదివారం పొద్దున హాస్టల్లో పడుకుని ఫ్యాను చూస్తుంటే, మాస్టారి సైట్లో ‘మమ్మల్ని సంప్రదించండి’ అన్న బటన్ ఎడమవైపుంది, కుడివైపుంటే ఇంకా బాగుంటుంది కదా అనిపించింది. ఆ పని నా గదిలోంచే చేయవచ్చు. అయినా ల్యాప్‌టాప్ సంచిలో వేసుకుని బస్సెక్కి భవానీపురం వెళ్ళాను. మాస్టారు చర్చి నుంచి వచ్చి భోజనానికి కూర్చోబోతున్నారు. మామ్మగారు పైనుంచి కొరమీను పులుసు పంపింది (సముద్రం చేప తిని పెరిగిన నాకు చెరువు చేప ఒక చేపేనా అని చిన్నచూపు, కానీ రెండోసారి వేయించుకున్నాను). ఆపై ఆదివారం నీలంరంగు తీసి ఆకుపచ్చ వేశాను. మరుసటి వారం అక్షరాలు పెద్దవి చేశాను, ఆ తర్వాత అంత పెద్దవి బాగాలేవని చిన్నవి చేశాను. బటన్ మళ్ళీ ఎడమకు వచ్చింది. బృందమంతా నా వెనక నిలబడి సలహాలిచ్చేది. ఆంధ్రదేశంలో ఏ హార్మోనియం కొట్టు వెబ్‌సైటుకూ జరగనంత అభివృద్ధి దానికి జరిగింది. ఎవరికీ అనుమానం రాకుండా ఎంత తెలివిగా నడుపుతున్నానో అని లోలోపల మురిసిపోయేదాన్ని.

ఒక ఆదివారం మార్చడానికి ఏమీ దొరకలేదు. ఎంత ఆలోచించినా సైట్లో వంక లేదు. వంక లేకుండా వెళ్ళడానికి మొహం చెల్లక గదిలోనే ఉండిపోయాను. భోజనాల వేళకు మాస్టారు ఫోన్ చేశారు. సైట్లో ఏదో తేడా కనపడుతోంది, ఒకసారి వచ్చి చూడమన్నారు. రెక్కలు కట్టుకుని వెళ్ళాను. తెరిచి చూస్తే అంతా సవ్యంగానే ఉంది. తేడా ఎక్కడండీ అన్నాను. బాబాయి ఆటో అన్న వంక చూశాడు, అన్న మాస్టారి వంక చూశాడు. ఆ నీలంరంగు కొంచెం వెలిసిపోయినట్టుందే పాపా అన్నాడు చివరికి బాబాయి. అది ఆకుపచ్చైపోయి చాలా వారాలైంది. మాస్టారు మెల్లగా నా ల్యాప్‌టాప్ మూసి, ఆ చోట అన్నం పళ్ళెం పెట్టారు.

“తేడా ఏం లేదమ్మా. నువ్వు రాలేదని మామ్మగారు రెండుసార్లు అడిగింది. ఇక్కడికి రావటానికి పనుండక్కర్లేదు. ఊరికే రావచ్చు.”

ఇప్పుడు నాకు నా సొంత ఆఫీసు ఉంది. తీసేయడం కూడా నేర్చుకున్నాను. సైట్లకు మెరుగులు దిద్దడమే నా వృత్తి, ఏది అవసరమో ఏది కాదో కస్టమర్లకు గట్టిగానే చెబుతాను. అప్పుడప్పుడు, ల్యాప్‌టాప్ సంచితో బస్సెక్కే అప్పటి ఆ అమ్మాయి గుర్తొచ్చి నవ్వొస్తుంది. ఆ సంచి అక్కడ పెట్టేసి ఉత్త చేతులతో బస్సెక్కవే పిల్లా అని చెప్పాలనిపిస్తుంది. చెప్పినా వినే రకం కాదు. ఆ రోజు మాస్టారు అంత మాట అన్నాక కూడా, తలెత్తకుండా అన్నం తిని, కళ్ళు తుడుచుకుని, ఎలాగూ వచ్చాను కదండీ అని ఆ బటన్‌ను ఇంకోసారి కుడివైపుకు జరిపిగానీ లేవలేదు.