తొడలో పుట్టిన ఎముక

నాలుగేళ్ల కిందటి మాట. తిరుపతిలో ఒక ఆసుపత్రిలో నేను పెథాలజిస్టుని. రోగి ఒంట్లోంచి తీసిన ముక్కను, అంటే బయాప్సీని, మైక్రోస్కోపు కింద చూసి క్యాన్సరా కాదా తేల్చడం నా పని.

ఆ రోజు వచ్చిన ముక్క ఏర్పేడు దగ్గరి పల్లెకు చెందిన పదిహేడేళ్ల అమ్మాయిది. తొడలో గట్టి గడ్డ. ఆస్టియోసార్కోమా, అంటే ఎముక క్యాన్సర్ అని సర్జన్ అనుమానం. నేను అవునంటే కీమో మొదలవుతుంది. ఆపైన కాలు తీసేయాల్సి రావచ్చు.

స్లైడ్ నిండా కణాలు కిక్కిరిసి ఉన్నాయి. మధ్యమధ్యలో పచ్చి ఎముక. కొత్తవాళ్లయితే క్యాన్సర్ అని రాసేసేవాళ్లే. నాకు మాత్రం పెన్ను కదల్లేదు. కణాలు ఎన్ని ఉన్నా వాటి రూపం చెడలేదు. ముక్క అంచుకు జరిపేకొద్దీ ఎముక ముదురుతోంది, దాని చుట్టూ కణాలు వరసగా కూర్చున్నాయి. క్యాన్సర్‌కి అంత పద్ధతి ఎక్కడిది? దెబ్బ తిన్న కండలో ఎముక పుడితే ఇలా ఉంటుంది. కానీ కేసు షీట్లో "దెబ్బ తగల్లేదు" అని రాసి ఉంది.

తల్లీకూతుళ్లను పిలిపించాను.

"పిల్ల ఎప్పుడైనా పడిందా అమ్మా?"

"ల్యా మేడమ్," అంది తల్లి, తల ఎత్తకుండా.

దాస్తోందని తెలిసిపోయి కోపం నషాళానికి అంటింది. దిగమింగుకున్నాను. "నేనేమీ అనను. పిల్ల కాలు సంగతిది. నిజం చెప్పు."

కూతురే నోరు విప్పింది. "అలిపిరి మెట్లు దిగతా జారి పడినా మేడమ్. నెల దాటింది."

తల్లికి ఏడుపు ఆగలేదు. "పక్కూర్లో ఒకాయన నూనేసి గట్టిగా రుద్ది కట్టు కట్టినాడు మేడమ్. నాటు కట్టంటే ఈడ డాక్టర్లు తిడతారు గదా, అందుకే దాసిపెట్టినాము."

ఎక్స్‌రే తెప్పించి సర్జన్‌ని పక్కన కూర్చోబెట్టుకున్నాను. గడ్డ చుట్టూ తెల్లటి పెంకు, దానికీ తొడ ఎముకకూ నడుమ సన్నటి సందు. ఆయన తల ఊపాడు. "మయోసైటిస్ ఆసిఫికాన్స్, క్యాన్సర్ కాదు" అని రాసి సంతకం పెట్టాను. దెబ్బ తిన్న కండలో పుట్టే ఎముక అది, పిసికితే ఇంకా పెరుగుతుంది. కొన్ని నెలలకు గడ్డ చిన్నదైంది, అమ్మాయి మామూలుగా నడిచింది.

స్లైడ్ ఒక్కటే చూసి ఎముక గడ్డను తేల్చకూడదన్నది నేను విద్యార్థులకు చెప్పే పాఠమే. నాకు కొత్తగా తెలిసింది వేరు. గడ్డలోంచి సూదితో కణాలు తీసే పరీక్షకు నా దగ్గరికి వచ్చినవాళ్లలో నాటు కట్టు కనిపిస్తే నలుగురిలో కడిగేసేదాన్ని. అలాంటి తిట్లకు భయపడే ఆ తల్లి నిజం దాచింది. ఆ భయానికి పిల్ల కాలు పోయేది.