మిర్చి పొట్లంలో తుఫాను

ఆ రోజుల్లో లోకం మునిగిపోతుంటే ఆ సంగతి ముందుగా నాకే తెలియాలన్న పట్టుదల నాలో ఉండేది. కాటారంలో కొత్తగా టీచరు ఉద్యోగంలో చేరాను. పళ్లు తోముకుంటూ ఒక ఛానెల్, అన్నం తింటూ ఇంకో ఛానెల్, బడికి నడుస్తూ ఫోన్లో మరొకటి. ఎక్కడో దూరదేశంలో భూమి కంపిస్తే ఇక్కడ స్టాఫ్ రూములో నేను బల్ల పట్టుకునేదాన్ని. తోటి టీచర్లు నాకు ‘బ్రేకింగ్’ అని పేరు పెట్టారు. (“చాయ్ జల్ది తాగుండ్రి, బ్రేకింగ్ వస్తాంది” అనుకునేవాళ్లు. నేను మొదలుపెడితే చాయ్ చల్లారిపోయేది మరి.)

కొన్నాళ్లకు గుండె దడ మొదలైంది. కూర్చున్నా దడే, పడుకున్నా దడే. నాతోపాటు అద్దెగదిలో ఉండే లెక్కల టీచరక్క నన్ను భూపాలపల్లి దవాఖానకు తీసుకుపోయింది. డాక్టరమ్మ అన్ని పరీక్షలూ చేసి, “తిండి సంగతి తర్వాత. రోజూ ఏం చూస్తున్నవో చెప్పు” అంది. నాకంటే ముందు అక్కే అందుకుంది. “ఆమె టీవీని చూస్తది మేడం, టీవీ ఆమెను చూస్తది. నన్నయితే ఎవ్వలు చూడరు.” డాక్టరమ్మ నవ్వి, “గుండె మంచిగనే ఉంది. పొద్దున ఒక్కసారి పేపర్ చదువు, చాలు. మిగతా వార్తలు బంద్ పెట్టు” అని చెప్పింది. తిరుగు బస్సులోనే అక్క నా ఫోన్లోంచి వార్తల యాప్‌లన్నీ తీసేసింది. ఇంటికి రాగానే టీవీ రిమోట్ బియ్యం డబ్బాలోకి పోయింది.

వార్తలు లేకపోతే ఇంత కష్టమని నాకు తెలియదు. ఊళ్లో ఎవరైనా గట్టిగా దగ్గినా ఏమైందోనని కిటికీలోంచి తొంగి చూసేదాన్ని. అలాంటి ఒక ఆదివారం సాయంత్రం బస్టాండు దగ్గర అక్క మిర్చి బజ్జీలు కొనిపెట్టింది. పొట్లం విప్పి రెండు మిర్చీలు పక్కకు జరిపానో లేదో, నూనె మరకల్లోంచి పెద్ద అక్షరాలు కనిపించాయి. జనగామ జిల్లాలో రేపు అతి భారీ వర్షాలట, పత్తి రైతులు జాగ్రత్తపడాలట. ఇంకేముంది, దేవరుప్పులలో ఉన్న మా బాపుకు ఫోన్ కలిపాను.

“బాపు, పత్తి యాడుంది?”

“వాకిట్లనే ఎండుతాంది బిడ్డా.”

“లోపటికి ఎత్తుండ్రి. పెద్ద వాన వస్తాంది.”

“ఇక్కడ మబ్బు గూడ లేదు గద.”

“వార్తల్ల ఉంది బాపు” అన్నాను. ఆ మాటతో ఆయన ఫోన్ పెట్టేశాడు.

అక్క తన వాటా మిర్చీలు తిని, వేళ్లు తుడుచుకోవడానికి కాగితం లాక్కుంది. “గీ దీపావళి చీరల ఆఫర్ ఏందే? దీపావళి పోయి నెల దాటింది గద” అంది. చూస్తే తుఫాను వార్త కిందనే ఆ ప్రకటన ఉంది. నోట్లో మిర్చి అలాగే ఉండిపోయింది.

మళ్లీ ఫోన్ చేసేసరికి అంతా అయిపోయింది. పక్కింటివాళ్లను కూడా పిలిచి పత్తంతా లోపలికి మోయించాడట బాపు. మంచం మీద పత్తి, పొయ్యి దగ్గర పత్తి. నేను చిన్న గొంతుతో నిజం చెప్పాను. తర్వాత అవ్వ ఫోన్ తీసుకుంది. (మేం అమ్మను అలాగే పిలుస్తాం.) “అయితే వాన రాదా?” అని అడిగింది. “రాదవ్వా.” “మరి మేం యాడ పండాలె?”

నాకు ఏడుపొచ్చింది. బాపు మాత్రం నవ్వుతూనే ఫోన్ అందుకున్నాడు. “పోనీ తియ్ బిడ్డా. నువ్వు ఎప్పుడు ఫోన్ జేసినా ఎక్కడ మునిగింది, ఎక్కడ కాలింది గదే చెప్తవ్. అన్నం తిన్నవా అని అడిగే సందు గూడ ఇయ్యవ్. ఇయ్యాల జర కూసోని మాట్లాడు.” ఆ సాయంత్రం మా బర్రె ఈనిన సంగతి, పక్కింటి పిల్లకు సంబంధం కుదిరిన సంగతి, మా బోరు కాలిపోయి బాగైన సంగతి, అన్నీ విన్నాను. ఇవన్నీ నాకు తెలియకుండానే జరిగిపోయాయి. నా వాటా మిర్చీలు కూడా అక్కే తినేసింది.

అప్పటినుంచి సాయంత్రం వార్తల వేళకు ఇంటికి ఫోన్ చేయడం అలవాటైంది. దడ ఎప్పుడు పోయిందో గమనించనే లేదు. బాపు పోయాక ఆ వేళకు ఫోన్ ఎత్తేది అవ్వ ఒక్కతే. బాపు గొంతు ఇక వినబడదని తెలిసినా, అవతలివైపు ఆయనే పలుకుతాడేమోనని ఒక్క క్షణం ఆగుతాను. ఇక లోకాన్నంతా నెత్తికెత్తుకుని తిరిగిన ఆనాటి నేను, ఆ టీచరు పిల్ల, ఎక్కడైనా ఎదురైతే, విశేషాలేమిటని మాత్రం అడగను. పక్కన కూర్చోబెట్టుకుని, చల్లారకముందే చాయ్ తాగిస్తాను.