నొప్పి లేని చేతికి పుత్తూరు కట్టు

ఆ రోజుల్లో మా ఇంట్లో భక్తికీ సంగీతానికీ ఆటలకూ కలిపి ఒకటే గది ఉండేది. చిత్తూరులో మేం అద్దెకున్న ఇంటి ముందు గదిలో ఒక గోడ నిండా దేవుళ్ల పటాలు, వాటి కింద నాయన హార్మోనియం పెట్టె, తలుపు వెనక మేకుకు నా బాల్ బ్యాడ్మింటన్ బ్యాటు. ఈ మూడింటికీ మధ్య ఎప్పుడూ సరిహద్దు తగాదాలే. నేను గోడకేసి కొట్టుకుంటున్న పసుప్పచ్చ ఉన్ని బంతి అప్పుడప్పుడు పటాలకు తగిలేది. అవ్వ (నాయనను కన్న తల్లి) వెంటనే తన చెంపలు వేసుకుని, ఆ తర్వాత నా చెంప కోసం వెతికేది. ఇప్పుడు తలుచుకుంటే ఆ గదిలో నోరెత్తకుండా సర్దుకుపోయినవాడు దేవుడొక్కడే అనిపిస్తుంది.

నాయన తాలూకాఫీసులో గుమాస్తా. ఆఫీసులో ఆయన గొంతు విన్నవాళ్లు తక్కువ. అక్కడ ఖర్చుకాక మిగిలిపోయిన గొంతంతా శనివారం సాయంత్రం భజనలో బయటికి వచ్చేది. ఎనిమిది మంది ఉన్న ఆ గోష్ఠికి ఆయనే నాయకుడు (హార్మోనియం ఆయనది కాబట్టి వేరే అర్హత ఎవరూ అడగలేదు). ఆ హార్మోనియంలో ఒక మెట్టు నొక్కితే మళ్లీ పైకి లేచేది కాదు. ఏ కీర్తన పాడినా అది తన పాటికి తాను ఒకే స్వరం మోగిస్తూ ఉండేది. నాయన దాన్ని శ్రుతి అనేవాడు. పల్లవి దాకా ఆయన పాటకూ హార్మోనియానికీ పొత్తు కుదిరేది, చరణంలోకి వచ్చేసరికి ఎవరి దారి వాళ్లది. దేవుడి పేరు చెప్పుకుంటున్న మనిషితో అపస్వరం అని ఎవరంటారు? అందరూ కళ్లు మూసుకునేవాళ్లు. అది తన్మయత్వమని నాయన నమ్మకం.

నాకు పదిహేడేళ్లు. భజనకు మృదంగం కావాలి గనక నన్ను రెండేళ్లు నేర్చుకోవడానికి పంపించారు. నా చేతుల్లో వేగం తప్ప తాళం నిలవలేదు. వాయిస్తూ వాయిస్తూ మైదానం గుర్తొస్తే చాలు, వేళ్లు పరుగు లంకించుకునేవి. నా వెంట పాడలేక, చప్పట్లు కొట్టలేక భజన చివరికి పెద్దవాళ్లంతా ఆయాసపడేవాళ్లు. అదీ భక్తి పారవశ్యం కిందే జమ అయ్యేది. నేనేమో కాలేజీలో చేరిన మూడు నెలలకే దేవుడున్నాడా లేడా అన్న విషయం తేల్చేసి ఉన్నాను. తీర్పు మాత్రం ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. ఇంటి భోజనం చేస్తున్నంతకాలం చెప్పడం అంత మంచిది కాదనిపించింది.

ఇలా ఉండగా ఒకే ఆదివారం రెండు ముఖ్యమైన సంగతులు వచ్చి పడ్డాయి. ఒకటి, తిరుపతిలో ఒక సత్రంలో భజన గోష్ఠుల పోటీ. నాయన ఆరు నెలలుగా ఆ పోటీనే కలవరిస్తున్నాడు. రెండోది, చిత్తూరులోనే కాలేజీల మధ్య బాల్ బ్యాడ్మింటన్ ఆఖరి ఆట. ముందు వరసలో ఎడమ పక్క నేను లేకపోతే మా జట్టు మునిగిపోతుందని నా గట్టి అభిప్రాయం (జట్టులో తక్కిన నలుగురినీ అడగలేదు). నాయనతో ఆట సంగతి ఎత్తితే ఏమవుతుందో నాకు తెలుసు. అంతకు ముందు ఒకసారి ఎత్తితే, "దేవుని ముందర కూసోనుండేదానికి తీరిక లేదు, ఎండలో ఎగిరేదానికి మాత్రం ఉండాది" అని వారం రోజులు అన్నంతోపాటు వడ్డించాడు.

కాబట్టి బుద్ధిమంతుడిలా అబద్ధం ఆడాను. గురువారం సాయంత్రం ఆట నుంచి వస్తూ కుడిచేతిని ఎడమచేతితో పట్టుకుని, పెదవి కొరుక్కుంటూ ఇంట్లోకి అడుగుపెట్టాను. పడ్డాను, మణికట్టు మడతపడింది, విరిగిందేమో అన్నాను. నా లెక్క చాలా తేలిక. అమ్మ పసుపూ సున్నమూ కలిపి పట్టు వేస్తుంది. వీడు మృదంగం వాయించలేడని ఆదివారం నన్ను అవ్వ దగ్గర వదిలి అందరూ తిరుపతికి పోతారు. బస్సు కదలగానే నేను బ్యాటు తీసుకుని మైదానానికి పోతాను. సాయంత్రానికల్లా చెయ్యి నయమైపోతుంది.

నాయన నా చేతికేసి చూసి, "అయితే మృదంగం ఎవురు వాయించేది?" అన్నాడు. కన్నకొడుకు చెయ్యి విరిగిందంటే ఈ మనిషికి మృదంగం గుర్తొచ్చిందే అని నాకు నిజంగానే కోపం వచ్చింది. విరగని చేతికి సానుభూతి చాల్లేదని అలిగినవాణ్ని లోకంలో నేనొక్కణ్నే అయి ఉంటాను. అమ్మ మాత్రం పటాల ముందుకు పోయి కళ్లు మూసుకుని నిలబడింది. ఏం చెప్పుకుందో అప్పుడు అడగలేదు.

నా లెక్కలో మామ లేడు. మామ అంటే అమ్మ తమ్ముడు, మా వీధిలోనే ఉండేవాడు. వయసులో ఉన్నప్పుడు కబడ్డీ ఆడి గూడ ఎముక విరగ్గొట్టుకుని, పుత్తూరులో కట్టు కట్టించుకుని బాగుపడినవాడు. అప్పట్నుంచి ఆయనకు తిరుమల తర్వాత పుత్తూరే క్షేత్రం. తలనొప్పి అన్నా పుత్తూరుకు పొమ్మనే రకం. కబురు వినగానే వచ్చి అమ్మ వేసిన పట్టును హీనంగా చూసి, శుక్రవారం తెల్లవారగానే నన్ను పుత్తూరు బస్సెక్కించాడు.

అక్కడ వైద్యుడి వసారాలో మాకంటే ముందొచ్చినవాళ్లు ఇరవై మంది దాకా ఉన్నారు. జామచెట్టు మీంచి పడినవాళ్లు, ఎద్దు తోసినవాళ్లు, బస్సు దిగబోయి బోర్లా పడినవాళ్లు. అందరివీ అసలు విరుగుళ్లు. వాళ్ల మధ్య కూర్చుంటే నా మూలుగు నాకే నకిలీగా వినిపించసాగింది. వైద్యుడు నడివయసు మనిషి, తొందరలేని మనిషి. నా మణికట్టు పట్టుకుని వేలితో నొక్కాడు. వీధి చివరిదాకా వినపడేలా అరిచాను. ఆయన తల ఊపి, చెయ్యి వదలకుండానే ఏ ఊరు, ఏ కాలేజీ, ఏం ఆట ఆడతావు అని అడిగాడు. ఆట పేరు వచ్చేసరికి నాకు ఒళ్లు తెలియలేదు. ఆదివారం ఆఖరి ఆట అనీ, అవతలి జట్టులో వెనక ఆడేవాడు ఎత్తుగా ఉంటాడు గనక బంతి కిందికి కొట్టాలనీ వర్ణిస్తూ పోయాను. ఆయన వింటూనే ఇందాక నొక్కిన చోటే అంతకు రెట్టింపు గట్టిగా నొక్కుతున్నాడని, నేను అరవడం మరిచిపోయానని నాకు కాస్త ఆలస్యంగా తెలిసింది.

ఆయన మామను వెదురు బద్దలు అందుకోమని అవతలికి పంపి, నా చెవి దగ్గరికి వంగాడు. "ఏమప్పా, ఇప్పుడే చెప్తావా, కట్టు కట్టేదా?" అన్నాడు మెల్లగా.

ఆ ఒక్క క్షణంలో నేను నిజం చెప్పి ఉంటే ఈ కథ లేదు. కానీ మామ అప్పటికే బద్దలతో వచ్చేస్తున్నాడు. పదిహేడేళ్ల పౌరుషం నాది. "కట్టండి" అన్నాను.

కట్టాడు. ఆకుపసరు పూసి, కోడిగుడ్డు తెల్లసొన పోసి, బద్దలు పెట్టి, గుడ్డ చుట్టి, వేళ్ల కొసల నుంచి మోచేతి దాకా బిగించాడు. పదిహేను దినాలు ఇప్పకూడదు, తడపకూడదు, కదిలించకూడదు అని మామకు చెప్పాడు. పూర్తిగా ఇరిగిందా అని మామ అడిగితే, "ఎముక బాగుండాది, వంకరంతా వేరే చోట ఉండాది, నిదానంగా సర్దుకుంటాది" అన్నాడు. మామకు అది వైద్యభాష. ఇంటికొచ్చి అందరికీ గౌరవంగా అదే అప్పజెప్పాడు.

శనివారానికి ఆ కట్టు ఎండి రాయి అయింది. విప్పుదామంటే కొడవలి కావాలి. పైగా వాసన. మా ఇంట్లో శనివారం గుడ్డు ముట్టరు. అలాంటిది కొడుకే గుడ్డు పూసుకుని పటాల గదిలో తిరుగుతుంటే ఇల్లంతా ధర్మసందేహంలో పడింది. వీడు భజనలో కూర్చోవచ్చా కూడదా అని నాయన, పూసుకున్నా తిన్నట్టేనా అని అమ్మ, మందుకు దోషం లేదని మామ. చివరికి అవ్వ తీర్పు చెప్పింది. "కడుపులోకి పోలేదు కదా, దేవుడు కడుపే సూస్తాడు గానీ చెయ్యి సూడడు." వీధిలో పిల్లి మాత్రం చెయ్యే చూసింది. రోజంతా నా వెనకే తిరిగింది.

నన్ను ఇంట్లో వదిలిపోవడమనే మాట ఎవరూ ఎత్తలేదు. చెయ్యి విరిగినవాణ్ని ముసలామె మీద ఎలా వదిలిపోతాం అంది అమ్మ. కట్టు మెడకు వేలాడదీసుకుని ఆదివారం పొద్దున్నే వాళ్లతో తిరుపతి బస్సెక్కాను. బస్సు మా మైదానం పక్కనుంచే పోయింది. సున్నంతో గీతలు గీస్తున్నారు. నేను ఇటువైపు తిరిగి కూర్చున్నాను.

సత్రంలో మా వంతు వచ్చింది. మృదంగం వాయించేవాడు లేడు. నాయన నన్ను ముందు వరసలో కూర్చోబెట్టి ఎడమచేతికి చిన్న గంట ఇచ్చాడు. ఆయన మొదలుపెట్టాడు. తరిమే మృదంగం లేకపోవడంతో మొదటిసారి ఆ ఎనిమిది మందీ ఊపిరి తీసుకుంటూ, నిదానంగా, మాటలు వినపడేలా పాడారు. చరణంలో నాయన యథాప్రకారం దారి తప్పాడు గానీ అప్పటికి ఎవరూ ఆయన్ని చూడడం లేదు. మెడకు కట్టు, చేతిలో గంట, ముఖంలో దిగులు (ఆట మొదలై ఉంటుందన్న దిగులు) ఉన్న నన్నే చూస్తున్నారు. ముందు వరసలో ఒకావిడ కొంగుతో కళ్లు ఒత్తుకుంది. న్యాయనిర్ణేతల్లో పెద్దాయన లేచి, చెయ్యి విరిగినా స్వామి సేవ మానని ఇలాంటి పిల్లలు ఈ కాలంలో అరుదని నాలుగు మాటలు మాట్లాడి, మొదటి బహుమతిగా ఇత్తడి దీపపు కుందె నాయన చేతిలో పెట్టాడు. నాయన దాన్ని పసిబిడ్డలా పట్టుకున్నాడు. రెండేళ్లు కుడిచేతితో వాయించి నేను తేలేని బహుమతి, ఆ చెయ్యి కట్టేస్తే వచ్చింది.

సోమవారం కాలేజీకి పోతే మా జట్టు కూడా గెలిచిందని తెలిసింది. నా చోట ఆడినవాడు బంతి తనవైపు వస్తే కొట్టేవాడు, రాకపోతే ఊరికే ఉండేవాడు. ఇంతకాలం నేను పక్కవాళ్ల బంతులన్నీ లాక్కుంటున్నానని, ఈసారి అందరికీ ఆడే అవకాశం దొరికిందని మా కెప్టెను ఎంతో ప్రేమగా వివరించాడు. చెయ్యి జాగ్రత్త, తొందరపడి రావొద్దు అని కూడా అన్నాడు.

పదిహేను రోజులకు కట్టు విప్పారు. చెయ్యి కొత్తదానిలా ఉంది, పాతది పాడైతే కదా. మణికట్టు తిప్పి చూపించగానే ఇంట్లో ఘనత ఎవరిదన్న పోటీ మొదలైంది. మామ పుత్తూరు అన్నాడు. నాయన భజన అన్నాడు. అవ్వ తను రోజూ తీసిన దిష్టి అంది. అమ్మ అందరి మాటలూ విని, చెయ్యి నయమైతే బిడ్డ తలనీలాలు ఇప్పిస్తాననీ, తను మెట్టు మెట్టుకూ పసుపుకుంకుమలు పెడుతూ కొండెక్కుతాననీ ఆ గురువారమే మొక్కుకున్నానని చెప్పింది.

తల ఇవ్వడానికి నాకు మనసు లేదు గానీ, అంతకంటే కష్టమైంది మెట్లదారి. అలిపిరి దగ్గర పొద్దున్నే మొదలుపెట్టాం. అమ్మకు అప్పటికే నడుం నొప్పి. ఒక చేతిలో పళ్లెం, వంగడం, వేలితో బొట్టు పెట్టడం, లేవడం, మళ్లీ వంగడం. మామ పక్కన నీళ్ల చెంబుతో నడుస్తున్నాడు. వందో మెట్టు దాకా నేను పరాచికాలాడాను. రెండొందలు దాటాక అమ్మ నడుమునే చూస్తూ ఎక్కాను. గాలిగోపురం చేరేలోపే ఇక భరించలేకపోయాను. వెనకబడి వస్తున్న నాయన కోసం ఆగి, అమ్మ వినేంత దగ్గరలో లేదని చూసుకుని చెప్పేశాను.

"నాయనా, నా చెయ్యి ఇరగలేదు. పడనే లేదు నేను."

ఆయన మెట్టు మీద కూర్చున్నాడు. తిడతాడనుకున్నాను, కొట్టినా సరే అనుకున్నాను. పై పంచెతో ముఖం తుడుచుకుని చాలాసేపు పైకి, వంగుతూ లేస్తూ పోతున్న అమ్మకేసి చూశాడు.

"ఆటకోసరమా?" అన్నాడు.

అవునన్నాను.

పంచె మడత విప్పి మళ్లీ భుజాన వేసుకున్నాడు. "ఆటకోసరమేనా? లేకుంటే నా పాట వినలేకనా?"

దెబ్బలకు సిద్ధపడి వచ్చినవాణ్ని, ఈ ప్రశ్నకు సిద్ధపడలేదు. తాలూకాఫీసులో ఎవరూ వినని మనిషి, గోష్ఠిలో అందరూ కళ్లు మూసుకున్న కారణం ఏ కొంచెమో తెలిసే ఉన్న మనిషి, పదిహేడేళ్ల కొడుకు ముఖంలోకి చూడకుండా జవాబు కోసం చూస్తున్నాడు. నిజం చెప్పాలని ఒక నిమిషం కిందటే ఒట్టేసుకున్నవాణ్ని.

"ఆటకోసరమే నాయనా. నీ పాట బాగుంటాది."

"సరే," అన్నాడు లేస్తూ. "మీ అమ్మకు చెప్పొద్దు. ఇంత దూరం వంగి వంగి వచ్చినాది." నాలుగు మెట్లు ఎక్కాక గొంతు సవరించుకుని కీర్తన ఎత్తుకున్నాడు. పక్కన హార్మోనియం లేదు గనక తప్పడానికి శ్రుతి కూడా లేదు. మిగిలిన మెట్లన్నీ పాడుతూనే ఎక్కాడు. నేను వింటూనే ఎక్కి, పైన బుద్ధిగా తల వంచి గుండు కొట్టించుకున్నాను.

దేవుడి సంగతి అంత తొందరగా తేల్చేసిన ఆ గుండు కుర్రవాణ్ని తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది. చేతి అబద్ధానికి వాడికి శిక్ష పడింది గానీ నోటి అబద్ధానికి పడలేదు. ఆ తర్వాత ఇరవై ఏళ్లపాటు నాయన ప్రతి శనివారం భజన అయ్యాక నావైపు తిరిగి, ఎట్లుండాది అని అడిగేవాడు. బాగుండాది నాయనా అని ప్రతిసారీ చెప్పాను. ఏ శనివారం నుంచి అది అబద్ధం కాకుండా పోయిందో మాత్రం నాకు తెలియదు.