బ్రెడ్డు మీది, కూర మాది

మా కింది వాటాలో ఉండే ఇస్త్రీ అక్క పోయింది. దసరా తెల్లవారి. ఈ రెండు వాక్యాలు రాసి చాలాసేపు వాటినే చూస్తూ కూర్చున్నాను. ఎక్కడో తప్పు రాశానేమో అనిపించింది. అక్షరాలన్నీ సరిగ్గానే ఉన్నాయి. సంగతే నమ్మేలా లేదు.

ఆ పొద్దున తొమ్మిదింటికి మా అమ్మాయి బ్రెడ్ ప్యాకెట్ పట్టుకుని మెట్లు దిగింది. ఏ పండుగైనా సరే, తెల్లవారి మా ఇంట్లో జరిగే మొదటి పని అది. రెండు నిమిషాలకు వెనక్కి వచ్చింది. "అమ్మా, పెద్దమ్మ లేస్తలేదంట," అంది. నేను పొయ్యి దగ్గరున్నాను, వెనక్కి తిరగలేదు. "పండుగ పని చేసి అలసిపోయింటది, పండుకోనీ," అన్నాను. నిజంగా అదే అన్నాను.

నేను కిందికి వెళ్ళేసరికి అక్క భర్త, పక్కింటాయన కలిసి ఆమెను ఆటోలోకి ఎక్కిస్తున్నారు. గంటలోపే దవాఖాన నుంచి తిరిగి తీసుకొచ్చారు. గుండె అన్నారు. నాకన్నా నాలుగేళ్ళు పెద్ద, అంతే. అంతకుముందు సాయంత్రమే నా చేతిలో జమ్మి ఆకు పెట్టి, "ఇగో బంగారం. రేపు బ్రెడ్డు జల్ది పంపు మేడం, లేటయితే మా పిలగాండ్లు డబ్బ మీద పడ్తరు," అని నవ్వింది. ఆ జమ్మి ఆకు ఇంకా మా ఫ్రిజ్ మీదే ఉంది. ఎండనైనా లేదు.

ఇబ్రహీంపట్నంలో మా వీధిలో వాళ్ళ ఇస్త్రీ బల్ల తెలియని ఇల్లు లేదు. మా మెట్ల కిందే ఉండేది. భార్యాభర్తలిద్దరూ పనిచేసేవాళ్ళు. ఇద్దరు కొడుకులు, ఒక అత్త. ఊరి బయట ఇంజనీరింగ్ కాలేజీలో పాఠాలు చెప్తానని అక్క నన్ను మేడం అనేది. అందులో మర్యాద ఎంతో, వెక్కిరింత ఎంతో నాకెప్పుడూ తేలలేదు. "ఓ మేడం, చీరకు గంజి పెట్టమన్నవ్, అట్ట పెట్టమన్నవా?" అని మెట్ల కింది నుంచే అరిచేది.

ఆరేళ్ళ కింద మేం ఆ ఇంటికి వచ్చేటప్పటికి నేను భర్తతో విడిపోయి ఏడాది కాలేదు. ఎవరు కాస్త మెత్తగా మాట్లాడినా జాలి పడుతున్నారేమోనని అనుమానపడే రోజులు. మొదటి దసరా మధ్యాహ్నం అక్క తలుపు తట్టింది. చేతిలో గిన్నె, గిన్నె మీద మూసిన పళ్ళెం, మటన్ వాసన.

"కొంచెం కూర మేడం, పాపకు."

"వద్దక్కా, మేం తిన్నం," అన్నాను.

తినలేదు. లోపల మా అమ్మాయి పెరుగన్నం కంచం ముందు కూర్చుని ఉంది. అక్కకు తలుపు సందులోంచి కనబడుతూనే ఉంది. ఆమె ఆ కంచం వంక చూసింది, నా వంక చూసింది, "సరే మేడం," అని దిగిపోయింది.

తెల్లవారి మళ్ళీ వచ్చింది. ఈసారి వట్టి చేతులు.

"ఇంట్ల బ్రెడ్డున్నదా మేడం?"

"ఉన్నదక్కా. ఎందుకు?"

"నాలుగు ముక్కలియ్యి. నిన్నటి కూర మిగిలింది. కుక్కలకు ఏసుడెందుకు? బ్రెడ్డు మీది, కూర మాది. ఇగ ఏమంటవ్?"

గిన్నెనిండా తెచ్చిస్తే వద్దనొచ్చు. పారబోసే కూరను వద్దని ఎలా అంటాం? బ్రెడ్ ఇచ్చాను. పావుగంటకు న్యూస్ పేపర్లో చుట్టి, బట్టల మూటకు పెట్టినట్టే పిన్నీసు పెట్టి పంపింది. వేడివేడిగా, అంచులు కరకరమంటూ. మా అమ్మాయి అప్పుడు మూడో తరగతి. మూడు తిని నాలుగో దాని మీద చెయ్యి వేసింది. అప్పటి నుంచి ఆ ఒప్పందం ఒక్క పండుగకూ తప్పలేదు.

అక్క బ్రెడ్ కాల్చే టోస్టర్ కరెంటుది కాదు. పొడుగు కాడలున్న రెండు ఇనుప పలకలు. మధ్యలో బ్రెడ్ పెట్టి మూసి, గ్యాసు మంట మీద తిప్పుతూ కాల్చాలి. పాత బట్టలకు గిన్నెలిచ్చే ఆమెకు రెండు చీరలిచ్చి తీసుకుందట. ఒక కాడకు పిడి ఊడిపోతే గుడ్డపేలిక చుట్టింది. దాని పేరు అక్క నోట "చిన్న ఇస్త్రీ పెట్టె". శాండ్‌విచ్ అనే మాట ఆమె ఎప్పుడూ అనలేదు. "ఆగు బిడ్డా, రెండు బ్రెడ్లు ఇస్త్రీ చేసిస్త," అనేది.

చేసే పద్ధతి కూడా ఇస్త్రీ పద్ధతే. వేళ్ళు నీళ్ళల్లో ముంచి పలక మీద చిలకరించేది. చుయ్‌మంటే వేడి సరిపోయినట్టు. కూరలోని మెత్తటి ముక్కల్ని వేళ్ళతో చిదిపి, ఉల్లిగడ్డ, పచ్చిమిర్చి, పుదీనా వేసి పెనం మీద పులుసంతా ఇగిరేదాకా వేయించేది. "తడి బట్టకు ఇస్త్రీ మంచిగ ఎక్కుతది మేడం. బ్రెడ్డుకు ఉల్టా. తడి ఉన్నదో, మెత్తవడ్తది." రెండో బ్రెడ్ ముక్క పైన పెట్టాక అరచేత్తో ఒక్కసారి ఒత్తేది, చొక్కా కాలర్ సర్దినట్టు. "ఒక్క దిక్కే పెట్టి ఒత్తకు, మాడుతది. తిప్పుకుంట ఉండాలె." ఆ మాట బ్రెడ్ గురించే చెప్పిందో, మా అమ్మాయి చదువు విషయంలో నేను చేసే రాద్ధాంతం గురించి చెప్పిందో తెలియదు. ఆ టైములో నా వైపే చూస్తూ ఉండేది మరి.

కాల్చాక దారాలు కత్తిరించే కత్తెరతో మూలకు మూల కోసేది.

"పెద్దమ్మా, పిన్నీసు గూడ తినాల్నా?" అని అడిగేది మా అమ్మాయి.

"తిను. వచ్చే పండుగకు గుండీలు గూడ కుట్టిస్త."

ఒకసారి బతుకమ్మ సద్దుల పులిహోరను బ్రెడ్ మధ్య పెట్టి ఒత్తింది. ముగ్గురం నోట్లో పెట్టుకుని ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. "గిది మాత్రం కుక్కలకే మేడం," అంది. మెట్ల మీద కూలబడి, కళ్ళల్లో నీళ్ళు వచ్చేదాకా నవ్వాం.

తన చిన్నతనం గురించి ఒక్కసారే చెప్పింది. నా నూలు చీర ఇస్త్రీ చేస్తోంది, నేను పక్కన నిలబడి ఉన్నాను. కందుకూరు దగ్గర పల్లె వాళ్ళది. వాళ్ళమ్మ ఊళ్ళో బట్టలు ఉతికేది. పొద్దుగూకినాక ఇంటింటి ముందు నిలబడితే అన్నమూ కూరా వేసేవాళ్ళట. గిన్నె మోసే పని అక్కది.

"పప్పు, పచ్చిపులుసు, కోడికూర, అన్నీ ఒక్క గిన్నెల్నే. ఏ ఇంటిది ఏదో తెల్వకపోతుండె. మిగిలిందే పెట్టేటోళ్ళు మేడం. పండుగ తెల్లారి అయితే మస్తు." పెట్టె ఎత్తి బల్ల చివర నిలబెట్టింది. "గప్పుడే అనుకున్న, పెద్దగయినంక నా చెయ్యితోని ఎవ్వలకు మిగిలింది పెట్టొద్దని." మళ్ళీ పెట్టె అందుకుని చీర కుచ్చిళ్ళ మీద పడింది. నేను "అయ్యో" అన్నానేమో. గుర్తులేదు.

ఇప్పుడు చెప్పబోయేది రాయాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించాను. మూడేళ్ళ కింద బోనాల తెల్లవారి, మెట్ల మీద నిలబడి మా చెల్లెలితో ఫోన్లో మాట్లాడుతున్నాను. కింది వాళ్ళు ఎట్లాంటివాళ్ళని అడిగింది. "మంచోళ్ళే. కాకపోతే పండుగనాడు పిలువరు, తెల్లారి మిగిలింది పంపుతరు," అని నవ్వాను. ఎందుకన్నానో తెలియదు. ఏదో ఒకటి తేలిగ్గా అనాలి కదా అని అన్న మాట. మెట్ల కింద ఇస్త్రీ పెట్టె చప్పుడు ఆగింది. కాసేపటికి మళ్ళీ మొదలైంది. బొగ్గులు సర్దుకోవడానికి ఆగిందా? విన్నదా? ఆ మధ్యాహ్నం నా చీరలు ఎప్పటిలాగే మడతలు చెదరకుండా వచ్చాయి. తర్వాతి పండుగకు మళ్ళీ వచ్చి "మిగిలింది మేడం," అంది. ఆ మాట కొంచెం గట్టిగా అందేమో అని నాకు అనుమానం. నిజంగా అందో, నా మనసు కల్పించిందో! అడగడానికి మూడేళ్ళు టైముండింది నాకు. అడగలేదు.

దసరా తెల్లవారి సాయంత్రం, అంతా అయిపోయి మగవాళ్ళు స్నానాలు చేసి వచ్చాక, ఆడవాళ్ళు ఇల్లు కడగడం మొదలుపెట్టారు. చావు జరిగిన ఇంట్లో వండిన వస్తువు ఉంచకూడదు. బిందెల్లో నీళ్ళు పారబోశారు. బగారన్నం, గారెలు, అడుగున కాస్త పులుసు మిగిలిన మటన్ గిన్నె, అన్నీ ఒక్కొక్కటే ప్రహరీ పక్కకు తీసుకుపోయి గుమ్మరిస్తున్నారు. మెతుకు పారెయ్యని మనిషి ఇల్లు అది. మా అమ్మాయి పక్కన నిలబడి చూస్తూ ఉండిపోయాను.

అక్క అత్తగారు ఫ్రిజ్ తెరిచి ఒక స్టీలు డబ్బా బయటికి తీసింది. నాకా డబ్బా తెలుసు. మూత మీద సొట్ట ఉంటుంది.

"అవ్వా, అది..." అన్నాను.

"ఏంది బిడ్డా?"

"ఏం లేదవ్వా."

గోడకు ఆనుకుని కూర్చున్న అక్క భర్త తలెత్తాడు.

"అది మీది మేడం," అన్నాడు. "పొయ్యి మీదికెల్లి దించంగనే మీకే తీసింది. మెత్తటి ముక్కలన్ని ఏరి దాంట్లనే పెట్టింది. బొక్కలే మాకా అని పిలగాండ్లు నిన్న లొల్లి గూడ చేసిండ్రు."

నాకు సరిగ్గా అర్థం కాలేదు. "మిగిలింది అనేది కదన్నా?"

ఆయన నా వంక వింతగా చూశాడు. "ఐదుగురం ఉన్న ఇంట్ల మటన్ మిగులుతదా మేడం?"

ఆరేళ్ళు. ప్రతి పండుగకూ ముందు మాకే తీసింది, తర్వాతే వాళ్ళు తిన్నారు. ఎవరికీ మిగిలింది పెట్టనని ఒట్టు పెట్టుకున్న మనిషి, నేను చెయ్యి చాపడానికి వీలుగా దానికి మిగిలింది అని పేరు పెట్టింది. ఒట్టూ తప్పలేదు, నన్నూ చిన్నబుచ్చలేదు. నాకు రెండు డిగ్రీలున్నాయి. ఆమె చెప్పిన ఆ రెండు మాటల్ని పక్కపక్కన పెట్టి చూసుకోవడం మాత్రం చేతకాలేదు.

అవ్వ డబ్బా పట్టుకుని అక్కడే నిలబడింది. "సావయిన ఇంట్ల కూర, తినొద్దు బిడ్డా," అంది. డబ్బా నా చేతికి ఇచ్చింది. "నువ్వే పారబొయ్యి. నాకు చెయ్యి వస్తలేదు."

ప్రహరీ దగ్గరికి నడిచాను. మొదటి గిన్నె వద్దన్నదాన్ని నేనే, ఆఖరి డబ్బా ఒంపేదాన్నీ నేనే. వాళ్ళ ఇంటి ఆచారం కాదనడానికి నేనెవరిని? పారబోస్తే ఆమెను రెండోసారి తిప్పి పంపినట్టు కాదా? మూత తీశాను. కొవ్వు తెల్లగా పేరుకుని ఉంది. ఒక ముక్క తీసి నోట్లో పెట్టుకున్నాను. చల్లగా ఉంది. ఉప్పూ కారం అన్నీ సరిగ్గా ఉన్నాయి. అవ్వ చూసింది, మొహం తిప్పుకుంది. తర్వాత డబ్బా వంచాను.

బ్రెడ్ ప్యాకెట్ పొద్దుటి నుంచి మెట్ల మీదే పడి ఉంది. వచ్చిపోయేవాళ్ళంతా దాన్ని తప్పుకుంటూ నడిచారు. మా అమ్మాయి వెళ్ళి దాన్ని తెచ్చింది. చింపి, ఒక ముక్క ప్రహరీ రాయి మీద పెట్టింది. కింద పడిన కూర కొంచెం చేత్తో తీసి దాని మీద పరిచింది.

"ఏందమ్మా?" అన్నాను.

"బ్రెడ్డు మనది కదమ్మా," అంది.

రెండో ముక్క పైన పెట్టి, చొక్కా కాలర్ సర్దినట్టు అరచేత్తో ఒక్కసారి ఒత్తింది. చెయ్యి తీశాక తెల్లటి బ్రెడ్ మీద నాలుగు వేళ్ళ అచ్చు, చాలాసేపు అలాగే ఉంది.