తాడు ఇసకలో పడకముందే

మా ఇంగ్లీషు అయ్యవారు పోయారు. మొన్న పొద్దున ఒడ్డున వల ఆరేస్తుంటే మా కోడలు వచ్చి చెప్పింది. ఆరేయడం ముగించి, కాళ్లు కడుక్కుని, తోటపల్లి గూడూరు వెళ్లి ఆఖరిచూపు చూసి వచ్చాను.

నేను ఏడో తరగతి దాకే చదివాను. ఆయన నేర్పిన ఇంగ్లీషులో ఇప్పటికీ నాతో ఉన్నది ఒక్క మాట, 'పాస్ ది టార్చ్'. దాన్ని ఆయన మా వలతోనే చెప్పారు.

మాది అలివి వల. పడవలో వెళ్లి సముద్రంలో వల చుట్టి, తాడు కొస ఒడ్డుకు తెస్తారు. దాన్ని ముందుగా పట్టేది ఇంటిపెద్ద. ఆ పని తర్వాతివాడికి అప్పగించే రోజున, కొస అందుకుని, ఇసకలో పడనీయకుండా వాడి చేతిలో పెడతాడు. ఆపైన తాను ముందు పట్టడు. మా తాత మా నాయనకు అలా ఇచ్చిన రోజు అయ్యవారు ఒడ్డునే ఉన్నారు, చెప్పులు చేత్తో పట్టుకుని. ఇసకలో ఎప్పుడూ అలాగే నడిచేవారు.

మర్నాడు తరగతిలో నన్ను చూపించి అన్నారు: "నిన్న వీళ్ల తాత చేసినాడే, అదేరా ఆ మాటకు అర్థం. వెలిగే కాగడాను ఇంకొకరి చేతికియ్యడం. పెద్దోళ్లు నడిపిన పనిని చిన్నోళ్లకు అప్పగించేటప్పుడు వాడతారు. ఇచ్చేవాడు బతికుండాల, చేతులారా ఇయ్యాల. పోయినాక మనకొచ్చేదానికి ఈ మాట వాడబాకండి."

తలా ఒక వాక్యం చెప్పమన్నారు. నా వంతుకు నోరు పెగల్లేదు. పిల్లలు నవ్వారు. ఆయన నవ్వలేదు.

"చెప్పలేకపోతే పోనీరా. ఒకరోజు చేసి చూపిద్దువులే."

పోయిన వానాకాలంలో అయ్యవారిని చూడబోతే మంచం మీద ఉన్నారు.

"తాడు కొడుక్కిచ్చినావా?"

"ఇంకా ఓపికుండాది అయ్యవారూ."

"పాడె మీద నీతోపాటు కట్టమంటావా ఏంది?"

ఇద్దరం నవ్వాం. కానీ మా నాయన ఆ కొస నా చేతిలో పెట్టినప్పటి నుంచి ఒడ్డున నాకంటూ ఉన్న చోటు అదొక్కటే. ఇచ్చేశాక ఎక్కడ నిలబడాలి? కొడుకు ఎన్నడూ అడగలేదు. ఈమధ్య మాత్రం రొయ్యల గుంటల్లో పనికి పోతానంటున్నాడు.

నిన్న వల వేశాం. నీళ్లు కారుతూ కొస వచ్చింది. అందుకుని కొడుకు చేతిలో పెట్టాను.

"ఏంది నాయనా, ఇప్పుడే?"

"పట్టుకో."

వాడు కాళ్లు ఇసకలో దిగేసుకుని లాగడం మొదలుపెట్టాడు. నేను వెనక్కి వచ్చి, ఆనాడు అయ్యవారు నిలబడిన చోట నిలబడ్డాను. అరచేతుల్లో ఇంకా తడి ఉంది.